అమ్మా బిడ్డా ఒకే పలక మీద

మా సంఘములోని ఒక సహోదరి ఒక సాయంత్రము కాగితము ఒకటి చేతపట్టుకొని మా ఇంటికి వచ్చింది. మిరప చేలో పని ముగించుకొని కాళ్ళు చేతులు కూడ కడుగుకోకుండ నేరుగా వచ్చినట్టుంది. "అయ్యగారూ, ఇందులో ఏముందో ఒక్కసారి చదవండి" అని కాగితము మా చేతికిచ్చింది. అది ఆమె కొడుకు చదివే బడి నుండి వచ్చిన కాగితము. వాడు నాలుగో తరగతి. ఆ నెలలో తొమ్మిది దినములు బడికి గైర్హాజరు అయ్యాడనీ, తల్లిదండ్రులు వచ్చి ఉపాధ్యాయుని కలవాలనీ అందులో ఉంది. క్రింద ఆమె వేలిముద్ర కూడ ఉంది.

విషయమేమంటే, పది దినముల క్రిందట వాడే ఆ కాగితము తెచ్చి తల్లికి చదివి వినిపించాడు. "శనివారం బడికి సెలవంట. ఇక్కడ వేలిముద్ర వెయ్యాలంట" అన్నాడు. ఆమె పెన్ను సిరా బొటనవ్రేలికి రుద్దుకొని ముద్ర వేసింది. ఆ తొమ్మిది దినములు వాడు చెరువు గట్టున చేపలు పడుతూ గడిపాడని తరువాత పొరుగింటి పిల్ల ద్వారా తెలిసింది.

మేము పిల్లవాణ్ణి పిలిపించి గద్దించాలని అనుకున్నాము. కాని ఆ తల్లి బాధ వాడు బడి ఎగ్గొట్టినందుకు కాదు. "ఏ కాగితం వచ్చినా వాడి చేతే చదివించుకుంటాను. వాడు నా కళ్ళు గదా అయ్యగారూ. నా కళ్ళే నాకు అబద్ధం చెప్పినాయి" అన్నది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. ప్రార్థన చేసి పంపించాము గాని, ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ప్రియ చదువరులారా, గృహ దర్శనములకు వెళ్ళినప్పుడు మేము ఎన్నో ఇండ్లలో ఈ సంగతి చూస్తూనే ఉన్నాము గాని, దాని బరువు ఆ దినము వరకు మాకు తెలియలేదు. బ్యాంకులో డబ్బు తీసే కాగితము నింపేది ఎనిమిదేండ్ల పిల్ల. అవ్వకు వచ్చిన మాత్రల అట్ట మీద ఏముందో చూసి చెప్పేది మనవడు. డ్వాక్రా సంఘపు తీర్మానములో ఏమి వ్రాశారో తల్లికి చెప్పేది కూతురు. బిడ్డ ఆ ఇంటికి గుమాస్తా అయ్యాడు. బిడ్డకు చదువు వచ్చిందని తల్లిదండ్రులు సంతోషిస్తారు, సంతోషించవలసినదే. కాని ఇంటి పెద్దరికము నెమ్మదిగా చేతులు మారిపోతున్నదని ఎవరూ గమనించరు. "నీకేం తెలుసమ్మా" అనే మాట ఆ ఇండ్లలో బిడ్డల నోట ఎంత త్వరగా వస్తుందో మేము విన్నాము.

మన రాష్ట్రములో 1991 జనాభా లెక్కల నాటికి ఏడేండ్లు దాటిన స్త్రీలలో నూటికి 33 మందికి మాత్రమే చదువను వ్రాయను వచ్చు. 2011 లెక్కల నాటికి, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ఆ సంఖ్య నూటికి 59 అయింది. చాల పెరిగిన మాట నిజమే. అయినను మిగిలిన నలభై ఒక్కరు ఎవరు? ఎక్కువమంది మన పల్లెల్లోని తల్లులు, అవ్వలు. వారి పిల్లలు ఇప్పుడు బడిలో ఉన్నారు. ఇద్దరికీ వేర్వేరుగా చదువు చెప్పాలని అందరూ తలంచుతారు. మేమూ అలాగే తలంచి బోర్లాపడ్డాము. ఆ సంగతి దాచకుండ చెప్పుతాము.

ఆ సంవత్సరమే మందిరములో రాత్రి బడి మొదలుపెట్టాము. ఆదివారము ప్రకటన చేయగానే ఇరవైమంది తల్లులు పేర్లు ఇచ్చారు. పలకలు, బలపాలు కొన్నాము. మొదటి రాత్రి తల్లుల వెంట పిల్లలు వచ్చారు. చంకలో ఒకరు, కొంగు పట్టుకొని ఒకరు. అల్లరిగా ఉందని పిల్లలను వరండాలో కూర్చోబెట్టి సండే స్కూలు టీచరును కాపలా పెట్టాము. "మీరు బయట ఆడుకోండి, అమ్మలు చదువుకోవాలి" అన్నాము. నెల తిరిగేసరికి ఇరవైమంది ఐదారుగురయ్యారు. పిల్లవాడు ఏడిస్తే తల్లి లేచి వెళ్ళేది, వెళ్ళిన తల్లి తిరిగి వచ్చేది కాదు. మేము వారికి శ్రద్ధ లేదనుకున్నాము. ఒక ఆదివారము ప్రసంగములో ఆ మాట కొంచెము గట్టిగానే అన్నాము కూడ. మా ఇంటి అమ్మగారు ఆ మధ్యాహ్నము అన్నము వడ్డిస్తూ, "పిల్లల్ని గుమ్మం బయట పెట్టి తల్లుల్ని లోపల కూర్చోమంటే ఏ తల్లి మనసు లోపల ఉంటుంది?" అని అడిగింది. ఇంతకంటె మంచి ప్రసంగము ఆ దినము మా మందిరములో జరుగలేదు.

ఇది మన ఒక్కరి కష్టము కాదనీ, చాల దేశాలలో దీనిని గూర్చి ఆలోచించినవారు ఉన్నారనీ తరువాత చదివి తెలుసుకున్నాము.

అమెరికా దేశములో కెంటకీ అనే రాష్ట్రమున్నది. కొండలు, బొగ్గు గనులు, బీద పల్లెలు గల ప్రాంతము. ఆ రోజులలో అక్కడ పెద్ద చదువు పూర్తి చేయని తల్లిదండ్రులు ఎక్కువగా ఉండేవారు, వారి పిల్లలు కూడ మధ్యలోనే బడి మానేవారు. 1986లో అక్కడి ప్రభుత్వము తల్లిదండ్రులకూ బిడ్డలకూ కలిపి ఒక కార్యక్రమము ఆరంభించింది. షారన్ డార్లింగ్ అనే వయోజన విద్యా నిపుణురాలు దానిని రూపొందించినవారిలో ముఖ్యురాలు. మూడు నాలుగేండ్ల బిడ్డ, తల్లి ఇద్దరూ కలిసి బడికి వస్తారు. బిడ్డ ఒక గదిలో ఆటపాటలతో నేర్చుకుంటుంది, తల్లి మరొక గదిలో చదువుకుంటుంది. అంతటితో ఆగితే అది మా వరండా బడి కంటె కొంచెమే మేలు. అసలు కిటుకు తరువాత ఉన్నది. దినములో కొంతసేపు ఇద్దరినీ ఒకచోట కూర్చోబెడతారు. ఆ సమయములో ఆటను ఎంచుకునేది బిడ్డ. తల్లి దాని ప్రక్కన కూర్చొని ఆడుతుంది, మాట్లాడుతుంది. ఇంకొక సమయములో తల్లులందరూ కలిసి పిల్లల పెంపకమును గూర్చి ముచ్చటించుకుంటారు. ఈ నాలుగు భాగాల పద్ధతే తరువాత దేశమంతట ప్రాకింది. 1989లో లూయీవిల్ పట్టణములో దీనికొరకు ఒక జాతీయ కేంద్రము కూడ ఏర్పడింది.

తురకీ దేశములోని ఇస్తాంబుల్ నగరములో బీద పేటల తల్లులతో 1982లో ఇటువంటిదే మరొక ప్రయత్నము ఆరంభమైంది. రెండేండ్లపాటు ఒక వారము ఇంటికి వచ్చి, మరొక వారము తల్లులను ఒకచోట కూర్చి, బిడ్డతో ఇంటి దగ్గర ఏమి చేయాలో నేర్పించారు. కార్యక్రమము ముగిసి ఏండ్లు గడిచిన తరువాత 1992లో వెళ్ళి చూస్తే, ఆ తల్లుల పిల్లలలో నూటికి 86 మంది ఇంకను బడిలోనే ఉన్నారు. ఆ శిక్షణ పొందని తల్లుల పిల్లలలో 67 మందే ఉన్నారు. నేర్పింది తల్లులకు, నిలిచింది పిల్లలు.

అంత దూరము పోనక్కరలేదు. మన దేశములోనే బీహారు, రాజస్థాన్ రాష్ట్రాలలో 480 పల్లెల్లో ప్రథమ్ సంస్థవారు 2011 ప్రాంతములో ఒక పరీక్ష చేశారు. కొన్ని పల్లెల్లో తల్లులకు చదువు చెప్పారు. కొన్నింటిలో చదువు చెప్పలేదు గాని, వారానికొకసారి ఇంటికి వెళ్ళి బిడ్డ చేత చేయించవలసిన చిన్న చిన్న పనుల కాగితము ఒకటి ఇచ్చి, బిడ్డ ప్రక్కన ఎలా కూర్చోవాలో తల్లికి చూపించారు. కొన్ని పల్లెల్లో రెండూ చేశారు. కొన్నింటిలో ఏమీ చేయలేదు. చివర లెక్క చూస్తే తల్లులు ఎక్కువ నేర్చుకున్నది రెండూ చేసిన పల్లెల్లోనే. పిల్లల లెక్కల చదువు కూడ అక్కడే కొంచెము ఎక్కువగా పెరిగింది. ఆ పెరుగుదల చిన్నది. భాషలో పిల్లలకు చెప్పుకోదగిన మార్పు కనబడలేదు. మేము ఇక్కడ గొప్పలు చెప్పదలచలేదు. ఒక సంవత్సరములో పర్వతాలు కదలవు.

అమెరికా సంగతి కూడ పూర్తిగా చెప్పాలి. అక్కడి కేంద్ర ప్రభుత్వము 1988లో చట్టము చేసి ఇటువంటి బడులకు దేశమంతట డబ్బు ఇచ్చింది. అయితే 2003లో వెలువడిన పరిశీలనలో, ఈ బడులకు వచ్చిన కుటుంబాలు రాని కుటుంబాల కంటె ఎక్కువ ముందుకు పోలేదని తేలింది. ముఖ్యమైన సంగతి ఏమంటే, చాల కుటుంబాలు పెట్టిన గంటలలో కొద్ది గంటలకే వచ్చాయి. 2011 నాటికి ఆ డబ్బు నిలిచిపోయింది. దీనిని చదివినప్పుడు మాకు మా వరండా గుర్తుకు వచ్చింది. పలకలు కొనిపెట్టినంత మాత్రాన బడి నడవదు. కోత రోజులలో, జ్వరాల రోజులలో, పెండ్లిండ్ల రోజులలో కూడ తల్లి రాగలిగేటట్లు ఉంటేనే నడుస్తుంది.

మన నెల్లూరు జిల్లా సంగతి పెద్దలకు జ్ఞాపకముండవచ్చు. 1990 తరువాత అక్షర దీపం పేరుతో పల్లె పల్లెలో రాత్రి బడులు నడిచాయి. లాంతరు చుట్టూ ఆడవారు కూర్చొని వాచకము చదివారు. సారా దుకాణము మూయించిన ఆడవారి కథ ఆ వాచకములో ఒక పాఠము. 1992లో దూబగుంట ఆడవారు ఆ పాఠమును నిజము చేసి చూపించారు. 1993 అక్టోబరు 1న ప్రభుత్వము సారాను నిషేధించింది. చదువు నేర్చుకున్న తల్లులు మొదట చేసిన పని బిడ్డల అన్నము త్రాగుడుకు పోకుండ ఆపడము. తల్లి చదువు బిడ్డ కంచము దాకా వెళుతుందని చెప్పటానికి ఇంతకంటె వేరే ఉదాహరణ మాకు తెలియదు.

మన గ్రంథములో కూడ తిమోతి విశ్వాసమును గూర్చి చెప్పేటప్పుడు అపొస్తలుడు మొదట అవ్వ లోయిని, తల్లి యునీకేను పేరుపెట్టి జ్ఞాపకము చేసుకుంటాడు. పసితనము నుండి లేఖనములు ఎరిగిన పిల్లవాడు ఎవరి ఒడిలో కూర్చొని ఎరిగాడో మనము ఊహించుకోవచ్చు.

ఇంతకూ మేము మరల ఎలా మొదలుపెట్టామో చెప్పుతాము. ఎవరికైనా ఉపయోగపడవచ్చు.

వారానికి మూడు సాయంత్రాలు. గంటన్నర. తల్లులు, పిల్లలు అందరూ ఒకే చాప మీద. మొదట అరగంట చదువు లేదు. తల్లి ఒక పొడుపు కథ వేయాలి, లేదా తన చిన్ననాటి కథ చెప్పాలి. పిల్లలు వినాలి, విప్పాలి. ఇది ఎందుకంటే, ఆ చాప మీద తల్లికి తెలిసినది పిల్లలకు తెలియనిది ఏదో ఒకటి మొదట కనబడాలి. మా సంఘములో ఒక అవ్వకు పొడుపు కథలు ఎన్ని వచ్చో లెక్క లేదు. పలక పట్టడము ఆమెకు రాదు గాని, మొదటి వారములోనే పిల్లలందరూ ఆమె చుట్టూ చేరారు. తరువాత లెక్కలు. మిరప కూలి లెక్క తల్లులు నోటితో కట్టేస్తారు. ఇన్ని కిలోలు, కిలోకు ఇంత, మేస్త్రికి ఇంత పోగా చేతికి ఎంత అని అడిగితే పిల్లవాడు వ్రేళ్ళు మడిచే లోగా తల్లి చెప్పేస్తుంది. ఆ లెక్కను పిల్లవాడు పలక మీద అంకెలలో వేసి తల్లికి చూపించాలి. తల్లికి లెక్క వచ్చు, అంకె రాదు. పిల్లవానికి అంకె వచ్చు, లెక్క రాదు. ఇద్దరూ కలిస్తేనే పలక నిండుతుంది.

అక్షరాలకు వచ్చినప్పుడు మేము అ ఆ ఇ ఈ నుండి మొదలుపెట్టలేదు. యాభై ఆరు అక్షరాలు, ఆ తరువాత గుణింతాలు, ఒత్తులు అంటే మిరపకోత వచ్చేసరికి తల్లి సగము దారిలో ఉంటుంది. పేరుతో మొదలుపెట్టాము. మరియమ్మ అనే పేరు తీసుకోండి. అందులో మ ఉంది, రి ఉంది, య ఉంది, చివర మ్మ ఉంది. తలకట్టు, గుడి, ఒత్తు మూడూ ఒక్క పేరులోనే దొరికాయి. మొదటి మకూ చివరి మకూ తేడా ఏమిటో తానే కనిపెట్టినప్పుడు ఆ తల్లి ముఖము చూడాలి. తన పేరు తరువాత బిడ్డ పేరు, ఆ తరువాత ఊరి పేరు, బస్సు మీది పేరు. కంఠతా వచ్చిన 23వ కీర్తనను ఎదుట పెట్టి, నోట వచ్చే మాట ఏ వరుసలో ఉందో వ్రేలితో వెదకడము ఇంకొక పద్ధతి. మాట ముందే తెలుసు గనుక అక్షరము త్వరగా దొరుకుతుంది.

ఒక కష్టము మాత్రము మేము ముందుగా ఊహించలేదు. పిల్లలు నవ్వేవారు. తల్లి బ ను భ అన్నా, ఒత్తు తలక్రిందులుగా పెట్టినా ప్రక్కనే కూర్చున్న కొడుకు ఫక్కున నవ్వేవాడు. ఒక తల్లి పలక అక్కడే పెట్టి వెళ్ళిపోయింది, రెండు వారాలు రాలేదు. పిల్లలను మందలించి చూశాము, ప్రయోజనము లేదు. చివరకు ఒక దినము పిల్లలందరినీ మిరప చేలోకి తీసుకుపోయి, తల్లుల ప్రక్కన వరుసలో నిలబెట్టి గంటసేపు కాయలు కోయమన్నాము. తొడిమ విరిగిపోయేది, పచ్చికాయ పండుకాయ కలిసిపోయేవి, చేతులు మండేవి. తల్లులు నవ్వారు. ఆ సాయంత్రము నుండి చాప మీద నవ్వు చాలవరకు తగ్గింది. ఇది ఏ పుస్తకములోనూ లేదు, మా సండే స్కూలు టీచరు ఆలోచన.

కొందరు అడుగుతారు: ఇప్పుడు అందరి చేతిలో ఫోన్లున్నాయి, మాటే పంపవచ్చు, వినవచ్చు, ఇక తల్లికి ఈ వయసులో అక్షరము ఎందుకు? ఫోనులో మాట వినవచ్చు, నిజమే. కాని ఇంట్లో ఎవరు ఏమి చదివి చెప్పుతున్నారో సరిచూసుకోవటానికి అక్షరమే కావాలి. ఇంకొకరు తండ్రుల సంగతి అడుగుతారు. అడుగవలసినదే. మా చాప మీద ఇప్పటికి వచ్చిన తండ్రులు ఇద్దరే. అందులో ఒకరు తన కూతురు పేరు వ్రాయటము వచ్చేవరకే వచ్చి మానేశారు. ఈ విషయములో మేము ఓడిపోయామనే చెప్పాలి. తండ్రి చదువుకోకపోయినా, ఆ గంటన్నరసేపు ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుంటే తల్లి చాప మీద కూర్చోగలుగుతుంది. అలా కూర్చున్న తండ్రులు నలుగురున్నారు, వారికి వందనాలు.

ఏమీ చదువు రాని తల్లి కూడ ఈ రాత్రి నుండే చేయగలిగినది ఉన్నది. బిడ్డ బడి నుండి రాగానే పుస్తకము తెరిపించి, "ఈ బొమ్మ ఏమిటి? ఈ ముక్క ఎక్కడుంది, వ్రేలు పెట్టి చూపించు. మళ్ళీ చదువు" అని అడగవచ్చు. మొన్న చదివినప్పుడు ఒకలా, ఈ దినము మరొకలా చదివితే, అక్షరము రాని తల్లి చెవికి కూడ అది దొరుకుతుంది. పుస్తకాలకు ఇంట్లో ఒక గూడు ఉంచవచ్చు. ఆ సమయములో టీవీ ఆపవచ్చు. కేంద్ర ప్రభుత్వము 2022లో పదిహేనేండ్లు దాటినవారి కొరకు ఉల్లాస్ అనే అక్షరాస్యత కార్యక్రమము మొదలుపెట్టింది. వాచకాలు, నేర్పేవారు కావాలంటే ఊరి బడి పెద్ద ఉపాధ్యాయుని అడిగి చూడండి. తల్లి వెంట బిడ్డను కూడ కూర్చోనిమ్మని మాత్రము మరచిపోకుండ అడగండి.

మొదట చెప్పిన సహోదరి సంగతి. ఆమె రెండు కోతల మధ్య, ఏడాదిన్నర పాటు చాప మీదికి వచ్చింది. చాల వారాలు రాలేకపోయింది, మరల వచ్చింది. ఇంకను నిదానముగానే చదువుతుంది, పెద్ద మాటల దగ్గర ఆగిపోతుంది. పోయిన నెల బడి నుండి మరొక కాగితము వచ్చింది. ఆ సాయంత్రము మేము వారి ఇంటికి వెళ్ళేసరికి ఆమె గుమ్మము దగ్గర వెలుతురులో కూర్చొని వ్రేలు పెట్టి చదువుతున్నది. కొడుకు ప్రక్కన నిలబడి ఉన్నాడు, ఇప్పుడు ఆరో తరగతి. "మీ... అబ్బాయి... ఈ నెల... రెండు... రోజులు..." అంతవరకు వచ్చింది. తరువాతి మాట దగ్గర ఆగింది. "గై" అన్నది, మరల "గై" అన్నది. ర క్రింద హ చూసి తల అడ్డముగా ఊపింది. మేము చెప్పబోయి ఊరుకున్నాము.

కొడుకు తల వంచుకొని, "గైర్హాజరు అమ్మా" అన్నాడు. "రాలేదని. జ్వరం వచ్చిందే, ఆ రెండు రోజులు."

ఆమె వాడి ముఖము చూసి, కాగితము చూసి, పెన్ను తెమ్మన్నది. క్రింద సంతకము పెట్టింది. చివరి అక్షరము కాగితము అంచు దాటి చాప మీదికి పోయింది.